పాత ఊక, మస్తాన్ గారి ఫ్లాస్కు

ముప్పై మూడేళ్లు పశువుల డాక్టరుగా పనిచేశాను. ఆవులు తన్నాయి, గేదెలు పొడిచాయి, ఒక గాడిద కరిచింది. వాటి మీద నాకు కోపం లేదు. నేను చేతిలో సూది పట్టుకుని వెళ్లేవాణ్ని, వాటికి ఇంకో దారి తోచి ఉండదు.

ఈ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి అనుభవాలు చెప్పమంటారు. ప్రమోషన్లు ఎప్పుడెప్పుడొచ్చాయో చెబితే వాళ్లకి నిద్రొస్తుంది, నాకూ వస్తుంది. అందుకని చేరిన మూడో ఏట చేసిన ఒక తప్పు గురించి రాస్తున్నాను. ఇందులో రెండు వైరస్‌లున్నాయి, కొన్ని వందల కోళ్లున్నాయి, మస్తాన్ గారనే ఒక పెద్దమనిషి పరువుంది. కోళ్లను వైరస్‌లు చంపాయి. పరువు సంగతి నేను చూసుకున్నాను.

గుడివాడలో నా ప్రసంగాలు

దివిసీమ ఉప్పెన వచ్చిన రెండేళ్లకు నేను గుడివాడ పశువుల ఆసుపత్రిలో ఉన్నాను. నాకప్పుడు ఇరవయ్యారేళ్లు. తరతరాలుగా వరి తప్ప మరొకటి ఎరగనివాళ్లు కూడా కోళ్ల ఫారాలు పెట్టడం మొదలైన రోజులవి. రైసు మిల్లుల చుట్టూ ఊక కొండల్లా పడి ఉండేది. ఆ ఊక తెచ్చి, షెడ్లో జానెడు మందాన పరిచి, పైన కోడిపిల్లల్ని వదలడం కొత్త విద్య. ఆ విద్య నేర్పడానికి మేము రైతులకు తరగతులు పెట్టేవాళ్లం.

నా తరగతులకు జనం బాగా వచ్చేవారు. ఎందుకంటే నవ్వించేవాణ్ని. రైతు నవ్వాడంటే పాఠం అర్థమైందని నా లెక్క. నవ్వడానికీ అర్థం కావడానికీ సంబంధం లేదని తెలియడానికి కొంత కాలం పట్టింది.

ఒకరోజు కోడిపిల్లలకు వచ్చే రక్తపారుడు గురించి చెబుతున్నాను. ఆ జబ్బు కొద్దికొద్దిగా తగిలితే పిల్లలు దాన్ని తట్టుకోవడం నేర్చుకుంటాయి. పాత ఊక మీద పెరిగిన పిల్లలకు ఆ మేలు ఉంటుందని పుస్తకాల్లో ఉంది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెబితే నా గొప్పేముంది?

"పాలకి తోడు వేస్తారు కదండీ, అలాగే కొత్త ఊకలో పాత బ్యాచ్ ఊక ఒక గంపెడు కలపండి. పిల్లలు పెరుగులా గట్టిగా తోడుకుంటాయి" అన్నాను.

అందరూ నవ్వారు. వెనక బెంచీ నుంచి ఎవరో "పులిస్తేనో సార్?" అన్నారు.

"మజ్జిగ పులుసు పెట్టుకోండి."

హాలు దద్దరిల్లింది. ముందు బెంచీలో ఒక పెద్దాయన మాత్రం నవ్వకుండా నోటుబుక్కులో రాసుకుంటున్నారు. సుబ్రహ్మణ్యం మాస్టారు. నందివాడ దగ్గర పల్లెటూళ్లో ఉండేవారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరై, ఐదువందల కోళ్లతో ఫారం పెట్టారు. మీ తరగతిలో నవ్వకుండా రాసుకునేవాడు ఒక్కడుంటే అతన్ని చూసి భయపడండి. మీరు చెప్పింది చేసేది అతనొక్కడే.

ఐసు

మస్తాన్ గారు మా ఆసుపత్రి కాంపౌండరు. సొంతూరు బందరు. వాళ్ల అన్నదమ్ములందరూ చిలకలపూడిలో రోల్డుగోల్డు పనిచేసేవారు, ఈయనొక్కరే కోళ్ల వైపు వచ్చారు. "మావాళ్లు పూత పూస్తారు, నేను సూది గుచ్చుతాను" అనేవారు. రిటైరవడానికి ఎనిమిది నెలలుంది.

కొక్కెర తెగులు టీకా ఆయన చేతిమీదుగా నడిచేది. ఆ టీకా చల్లగా ఉన్నంతసేపే టీకా, వేడెక్కితే ఉత్త నీళ్లు. ఆయన ఆదివారం బందరులో ఇంటికి వెళ్లి, సోమవారం తెల్లారి చేపల ఐసు ఫ్యాక్టరీలో ఐసు కొట్టించి, పెద్ద ఫ్లాస్కులో వేసి, దానికి తడి గోనె చుట్టి, జిల్లా ఆఫీసులో టీకా సీసాలు తీసుకుని బస్సెక్కేవారు. బస్సులో ఫ్లాస్కు ఒళ్లో ఉండేది. పక్కన సీటు ఖాళీగా ఉన్నా ఒళ్లోనే. టీకాలు వెయ్యడం అయ్యేదాకా టీ కాదు కదా, మంచినీళ్లు కూడా తాగేవారు కాదు. "నాకు దాహమేస్తే ఆగుతాను, ఐసు ఆగదు కదండీ" అనేవారు.

ఏడు వారాల వయసులో మాస్టారి రెండో బ్యాచ్ కోళ్లన్నిటికీ ఆయనే టీకా వేశారు.

నెల తిరక్కుండా మాస్టారి ఫారంలో కొక్కెర తెగులు పడింది. నేను వెళ్లేసరికి కోళ్లు నోళ్లు తెరిచి ఎగపోస్తున్నాయి. ఆకుపచ్చగా పారుతున్నాయి. కొన్నిటికి మెడలు మెలిపడి ఆకాశం చూస్తున్నాయి. వారంలో సగానికి పైగా పోయాయి. మాస్టారు షెడ్డు గోడకు ఒక నల్లబల్ల బిగించుకున్నారు. రోజూ ఎన్ని చచ్చాయో సుద్దముక్కతో రాసి, కింద గీత గీసి, కూడిక వేసేవారు. తలెత్తకుండా అన్నారు.

"టీకా వేయించాను కదండీ, డాక్టరు గారూ?"

చచ్చిన కోళ్లను రెండింటిని కోశాను. కడుపు లోపల రక్తపు చుక్కలు పుస్తకంలో బొమ్మ వేసినట్టున్నాయి. కొక్కెర తెగులే. అక్కడితో కత్తి కడిగేశాను. దొంగ దొరికాడు కదా, తలుపు ఎవరు తీశారో చూడాలని తట్టలేదు.

మాస్టారు కంప్లయింటు ఇచ్చారు. బందరు నుంచి మా అసిస్టెంటు డైరెక్టరు, ఏడీ గారు, కబురు పెట్టారు. ఆయన చెడ్డవారు కాదు. ఫైలు తెరిచి ఉంటే అన్నం సయించదు, అంతే.

"ఏమయ్యా, టీకా వేసిన కోళ్లు చచ్చాయంటే ఎవరో ఏదో చేసుండాలి కదా. రెండు ముక్కలు రాసియ్యి" అన్నారు.

రాశాను. 'రవాణాలో ఐసు కరిగి టీకా శక్తి కోల్పోయి ఉండవచ్చు.' చూడడానికి చాలా బాగుంది. చిలకలపూడి నగలాంటి వాక్యం. మెరిసింది, గీకి చూసినవాడు లేడు. నాకూ గీకబుద్ధి కాలేదు.

నాలుగో రోజున మస్తాన్ గారికి మెమో వచ్చింది. విచారణ తేలేదాకా టీకాలు ముట్టుకోకూడదు. ఆయన ఆ కాగితం పట్టుకుని నా బల్ల ముందు నిలబడ్డారు.

"డాక్టరు గారూ, బస్సెక్కాక నేను ఎక్కడా దిగనని మీకు తెలుసు కదండీ?"

"తెలుసండీ మస్తాన్ గారూ."

"మరి?"

నేను నవ్వి తేల్చేద్దామనుకున్నాను. "మీరు దిగలేదు సరే, ఐసు మధ్యలో దిగిపోయిందేమో!" అన్నాను.

నా జోకులకు ఆసుపత్రిలో మొదట నవ్వేది ఆయనే. ఆ రోజు నవ్వలేదు. ఫ్లాస్కు తుడిచి, మూత తీసి బోర్లించి, బీరువా మీద పెట్టి, చీటీలు రాసే బల్ల దగ్గరికి వెళ్లి కూర్చున్నారు.

నాంచారమ్మ కోడి

ఊళ్లలో మాట పాకింది. 'మస్తాన్ సూది వేస్తే కోళ్లు చస్తాయంట.' ఆయన్ని చూడగానే కోళ్లను గంప కింద పెట్టేసేవారు. ఆయన టీకా వెయ్యడానికి రావడం లేదు, ఎడ్లకు మందు పట్టడానికి వస్తున్నారు. అయినా గంపలు బోర్లించేవారు.

రెండు వారాల తర్వాత మాస్టారి ఊరు వెళ్లాను. మిగిలిన కోళ్లు ఎలా ఉన్నాయో చూసి వస్తుంటే, పక్కింటి నాంచారమ్మ ఒక పెట్టను చంకలో పెట్టుకుని అడ్డం వచ్చింది. దాని కాలికి దెబ్బ తగిలింది.

"డాక్టరు బాబూ, దీని కాలు చూసిపో. మాస్టారి కోళ్లంత చదువుకున్నది కాదు గానీ, బతికైతే ఉంది."

కాలికి మందు రాస్తూ, "దీనికి టీకా వేయించావా?" అన్నాను.

"ఎందుకు వేయించలేదూ? మాస్టారి కోళ్లకి వెయ్యగా సీసాలో అడుగున మిగిలింది మస్తాన్ మావయ్య మా వాటికి వేశాడు. ఇదీ, దీని తోబుట్టువులూ. మాస్టారి పిల్లలు వచ్చిన వారమే మా పెట్ట పొదిగింది. అదే సూది, అదే సీసా."

"చివర్న వేశాడా?"

"చెప్తున్నాగా, చివర్నే. ఎండెక్కాక."

నేను ఆ కాలికి మందు రాసిన చోటే మళ్లీ రాశాను. ఐసు కరిగి ఉంటే ముందు పాడవ్వాల్సింది నాంచారమ్మ కోళ్ల టీకా. ఆ కోళ్లు మాస్టారి షెడ్డు గోడ పక్కనే పెంటమీద గీరుకుంటున్నాయి. అవతల వందల కోళ్లు చస్తున్నప్పుడూ అక్కడే గీరుకున్నాయి. అంటే సూది మంచిదే, సీసా మంచిదే, ఐసు మంచిదే. తేడా కోళ్లలో ఉంది.

మాస్టారి ఫారంలో ఆ పూట చచ్చిన రెండు కోళ్లను అడిగి తీసుకుని ఈసారి తల నుంచి తోక దాకా కోశాను. కోడికి తోక మొదట్లో, మలద్వారం పైన చిన్న సంచి ఉంటుంది. బర్సా అంటాం. రోగాన్ని ఎదిరించే కణాలు అక్కడ తయారవుతాయి. ఈ కోళ్లలో అది శనగగింజంత ఉంది. ఈ వయసుకి ఎంత ఉండాలో నాకు కచ్చితంగా గుర్తు లేదు. ఆ వయసు ఆరోగ్యమైన కోడి ఒకటి కావాలి.

"నీ పెట్టల్లో ఒకదాన్ని కోసి చూడాలి" అన్నాను.

"నీ చదువు కోసం నా కోడి ఎందుకు చావాలి బాబూ?" అంది నాంచారమ్మ. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది. "ఆదివారం మా అల్లుడొస్తాడు. ఎటూ కొయ్యాల్సిందే. పొద్దున్నే వస్తే నీ పని నువ్వు చూసుకుని మాంసం నాకిచ్చెయ్యి."

ఆ విధంగా శాస్త్రం అల్లుడు వచ్చేదాకా ఆగింది. ఆదివారం పొద్దున్న నేను చూసినప్పుడు నాంచారమ్మ కోడిలో ఆ సంచి ఉసిరికాయంత ఉంది.

అలక

కాలేజీలో చివరి ఏడాది మా ప్రొఫెసరు ఒకరు గంట కొట్టే ముందు గంబోరో అనే జబ్బు గురించి పది నిమిషాలు చెప్పారు. మన దేశానికి వచ్చి కొద్ది ఏళ్లే అయింది, పరీక్షలో అడగం అన్నారు. అందుకని ఎవరూ చదవలేదు. ఆయన మాట నిలబెట్టుకున్నారు. పరీక్షలో రాలేదు, నందివాడలో వచ్చింది.

ఆ వైరస్ కోడిపిల్లలోని ఆ సంచినే పట్టుకుంటుంది. పిల్ల కాస్త పెద్దయ్యాక తగిలితే జబ్బు పైకి కనిపిస్తుంది. నాలుగు రోజులు ముడుచుకుని కూర్చుంటాయి, కొన్ని చస్తాయి, మిగతావి లేస్తాయి. మరీ పసిగా ఉన్నప్పుడు తగిలితే పైకి ఏమీ తెలియదు. లోపల సంచి మాత్రం ఎండిపోతుంది. తర్వాత ఏ టీకా వేసినా పట్టదు.

మాస్టారి దగ్గరికి వెళ్లి అడిగాను. "పిల్లలుగా ఉన్నప్పుడు వీటికి ఏదైనా జబ్బు చేసిందా మాస్టారూ?"

"జబ్బేం లేదండీ. అలక ఒకటి వస్తుంది, అంతే."

"అలకా?"

"మేత మానేసి, రెక్కలు ఉబ్బించుకుని, తెల్లగా పారుతూ మూలకి చేరతాయి. మూడు రోజులకి వాటంతట అవే లేస్తాయి. మనుషులకి లేదూ!" అని బల్ల పక్కన మేకుకు వేలాడుతున్న నోటుబుక్కు తీశారు. "ఇదిగో. మొదటి బ్యాచ్, ఐదో వారం, అలక మూడు రోజులు, పద్దెనిమిది పిల్లలు పోయాయి. ఇప్పుడు రెండో బ్యాచ్ చూడండి. మీ తరగతికి వచ్చి వెళ్లాక మీరు చెప్పినట్టు కొత్త ఊకలో పాత ఊక ఒక గంపెడు తోడు వేశాను. రెండో వారంలోనే అలక వచ్చింది. ఒక్క పూట. ఒక్క చావు లేదు!" కళ్లజోడు పైనుంచి నన్ను చూశారు. "మీ తోడు పనిచేసిందండీ. మీకు చెబుదామనే అనుకుంటున్నాను."

నాకు కాళ్లలో సత్తువ పోయింది అని రాస్తే బాగుంటుంది గానీ, నిజానికి అప్పుడు నాకు పట్టింది తుమ్ము. ఊక దుమ్ము. వరసగా ఐదారు తుమ్మాను. ఆ కాసేపూ మాట్లాడక్కర్లేకపోవడం ఎంతో హాయిగా ఉంది.

తుమ్ములు ఆగాక, దీపాలతో వెచ్చగా ఉంచే బ్రూడరు గదిలో మూడో బ్యాచ్ పిల్లల్ని చూపించారు. వాటికీ తోడు వేశారు. రెండో వారం. మూలన నాలుగు పిల్లలు రెక్కలు ఉబ్బించుకుని కూర్చున్నాయి. ఒకదాన్ని కోశాను. సంచి ఉబ్బి, పైన పసుపు పచ్చని జిగురు పట్టి ఉంది.

మాస్టారికి చెప్పక తప్పలేదు. ఉపమానాలతోనే చెడ్డాను కదా, మళ్లీ ఉపమానమే నోటికొచ్చింది. "మాస్టారూ, టీకా అంటే పాఠం. ఈ సంచి బడి. పాత ఊకలో ఉన్న వైరస్ పసిపిల్లల్లోనే బడిని తగలబెట్టేసింది. తర్వాత మస్తాన్ గారు వచ్చి పాఠం చెప్పారు."

ఆయన కోసిన పిల్లను వంగి చూశారు. "దేవుడు బడిని పోయి పోయి అక్కడ కట్టాడేమిటండీ?" అన్నారు. వంగినవారు లేచి, "అయితే మస్తాన్ పాఠంలో తప్పు లేదు. తోడు వెయ్యమన్నది మీరు, వేసింది నేను. కంప్లయింటు మాత్రం అతని మీద ఇచ్చాను" అన్నారు.

"దాన్ని రుజువు చేస్తూ రిపోర్టు రాసింది కూడా నేనేనండీ."

"మీరు అన్నీ పూర్తిగా చేస్తారు" అన్నారు మాస్టారు. లెక్కల మాస్టారు మెచ్చుకున్నారో లేదో తేల్చుకోవడం ఎప్పుడూ కష్టమే.

బందరులో

మర్నాడు మాస్టారూ నేనూ బందరు వెళ్లాం. ఆయన తన కంప్లయింటు వెనక్కి తీసుకుంటూ కాగితం ఇచ్చి, నాకు ధైర్యం చెప్పినట్టు భుజం తట్టి, వరండాలో కూర్చున్నారు. లోపల ఏడీ గారు మొత్తం విన్నారు. నేను తెచ్చిన సీసాలో ఫార్మలిన్లో తేలుతున్న శనగగింజనూ ఉసిరికాయనూ చూశారు.

"నాంచారమ్మ కోళ్ల మాట ఆ రిపోర్టు రాసేముందు ఎందుకు కనుక్కోలేదయ్యా?"

"ఆ సీసాతో ఇంకెవరి కోళ్లకి వేశారని మస్తాన్ గారిని అడిగితే చెప్పేవారు సార్. అడగలేదు."

"ఇప్పుడు ఫైలు ఎలా మూయమంటావ్? ఎవరి పేరో రాయాలి కదా."

"నాదే రాయండి సార్."

"ఏం చేశావని?"

"ఉపమానం చెప్పానని."

ఆయన పెన్ను తీసి, మళ్లీ జేబులో పెట్టుకున్నారు. "ఉపమానానికి మెమో ఇచ్చే రూలు లేదయ్యా. మస్తాన్ మెమో మాత్రం ఇవాళే రద్దు చేస్తాను. నీ సంగతి నువ్వే చూసుకో."

ఇక్కడ ఒక మాట. ఆ గంబోరోకు అప్పట్లో మా చేతికి టీకా లేదు. మాస్టారు షెడ్డులో ఉన్న ఊకంతా ఎత్తి కాల్చేసి, నేల కడిగి, సున్నం కొట్టి, రెండు నెలలు ఖాళీగా ఉంచారు. తర్వాతి బ్యాచ్‌లో అలక తగ్గింది, పూర్తిగా పోలేదు. మొండి వైరస్ అది. కొక్కెర తెగులు టీకా మాత్రం పట్టింది. ల్యాబుకు పంపిన ముక్కల మీద జవాబు అందరూ మర్చిపోయాక వచ్చింది. అవును, అదే అని.

సాయంత్రం ఆసుపత్రికి వచ్చి మెమో రద్దు కాగితం మస్తాన్ గారికి ఇచ్చాను. జరిగింది చెప్పాను. ఏ అలంకారమూ పెట్టలేదు. "తప్పు నాదండీ" అన్నాను.

ఆయన కాగితం రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. "మీరు చిన్నవారు" అన్నారు. క్షమించారని అనుకున్నాను. తర్వాత తెలిసింది, అది వయసు గురించి మాత్రమే అన్న మాట. బీరువా మీంచి ఫ్లాస్కు దించి కడగడం మొదలుపెట్టారు. నాతో మళ్లీ మాట్లాడ్డానికి పని తప్ప వేరే కారణం ఆయన చాలాకాలం వెతకలేదు.

అవనిగడ్డలో

ఆ తర్వాత మూడు నెలలూ నేను తోడు మాట చెప్పిన ఊరల్లా తిరిగి, ఆ మాట వెనక్కి తీసుకున్నాను. చెప్పడానికి పది నిమిషాలు పట్టింది కదా, తీసుకోవడానికీ అంతే పడుతుందనుకున్నాను. చెప్పినప్పుడు వచ్చినంత జనం తీసుకునేటప్పుడు రారు. జోకు లేని తరగతికి ఎవరొస్తారు?

మస్తాన్ గారు రిటైరయ్యే నెలలో మమ్మల్నిద్దరినీ అవనిగడ్డ పంపారు. ఉప్పెనలో అన్నీ పోయినవాళ్లకు కొత్త ఇళ్లు కట్టి, ఇంటికి ఇన్నని కోడిపిల్లల్ని ఇచ్చారు. వాటికి టీకాలు. పొద్దున్నే బందరులో బస్సెక్కాం. ఫ్లాస్కు ఆయన ఒళ్లో ఉంది. "ఇలా ఇవ్వండి, కాసేపు నేను పట్టుకుంటాను" అన్నాను. పులిగడ్డ దాకా ఇవ్వలేదు. పులిగడ్డ దగ్గర ఏరు దాటాక చెయ్యి నొప్పెట్టిందో ఏమో, నా ఒళ్లో పెట్టారు. అడ్డంగా పట్టుకున్నానని రెండుసార్లు సరిచేశారు.

కొత్త ఇళ్ల వరసలో మొదటి ఇంటి ముందు ఒకావిడ బుట్టలో ఊక పోస్తోంది. పక్కింటి పెద్దావిడ అరుగు మీంచి సలహా ఇస్తోంది.

"ఉత్త కొత్త ఊక పొయ్యకమ్మా. మా బుట్టలోది పాతది గుప్పెడు వెయ్యి, పాలకి తోడేసినట్టు. పిల్లలు గట్టిగా తోడుకుంటాయంట. గుడివాడలో పెద్ద డాక్టరు చెప్పాడంట."

"పులిసిపోవా పిన్నీ?"

"పులిస్తే మజ్జిగ పులుసంట!"

ఇద్దరూ నవ్వారు. నేను ఆ ఊరు రావడం అదే మొదటిసారి. నా జోకు నాకంటే ముందు, బస్సు చార్జీ కూడా లేకుండా, ఏరు దాటి వచ్చేసింది.

మస్తాన్ గారి వైపు చూశాను. ఆయన పెదవులు బిగబట్టి ఆపుకుంటున్నారు గానీ భుజాలు కదులుతున్నాయి. మెమో వచ్చిన రోజు తర్వాత ఆయన నవ్వడం చూసింది అప్పుడే. కళ్లు తుడుచుకుని, నా చేతుల్లోంచి ఫ్లాస్కు తీసుకుని, మూత తిప్పి లోపలికి చూసి, మళ్లీ బిగించారు.

"వెళ్లి చెప్పండి డాక్టరు గారూ. నెమ్మదిగా చెప్పండి" అన్నారు. "ఐసుంది."